ఇంట్లో మనిషి చేత సిగరెట్ మానిపించడం ఎలా? మొదటి మాట నుంచి ఆరో నెల దాకా

"మేడమ్, అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ముట్టరు. మాల తీసిన సాయంత్రానికే మళ్ళీ కిళ్ళీ కొట్టు దగ్గర ఉంటారు. ఇలాంటి మనిషిని ఏం చేయాలి?"

పొగాకు మానిపించే కౌన్సెలింగ్‌లో కూర్చునే నన్ను ఆడవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. 41 రోజులు ఉండగలిగిన మనిషికి మనోబలం లేదని అనలేం. దీక్షలో ఆయనకు కొన్ని తోడయ్యాయి. ముందే తెలిసిన తేదీ ఉంది. నియమం స్పష్టంగా ఉంది, "ఒక్కటే" అన్న మాటకు అక్కడ చోటు లేదు. చుట్టూ అదే దీక్షలో ఉన్నవాళ్ళున్నారు. ఊరంతా "స్వామీ" అని పిలుస్తుంది కాబట్టి ఆయన తన గురించి తాను అనుకునే తీరు కూడా మారింది. సిగరెట్ ఇచ్చే స్నేహితుడు కూడా ఆ రోజుల్లో ఇవ్వడు.

మాల తీయగానే ఇవన్నీ ఒక్క రోజులో పోతాయి. 42వ రోజుకు ఎవరి దగ్గరా ప్లాన్ ఉండదు.

అలవాట్లు ఎలా మారతాయో చెప్పే సిద్ధాంతాలు కూడా దాదాపు ఇవే విషయాలను విడదీసి చూపిస్తాయి. వాటిని ఇంట్లో ఏ వరుసలో వాడాలో ఇక్కడ రాస్తున్నాను. భార్య, కొడుకు, కూతురు, స్నేహితుడు, ఆశా కార్యకర్త, ఎవరైనా వాడుకోవచ్చు. సిగరెట్ అని రాసిన చోట బీడీ అని కూడా చదువుకోండి.

1. ముందు ఆయన ఏ మెట్టు మీద ఉన్నారో చూడండి

ప్రొచాస్కా, డిక్లెమెంటే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పొగ మానేసినవాళ్ళను గమనించి, మార్పు దశలుగా వస్తుందని చెప్పారు. దశ తెలుసుకోవడానికి పరీక్షలేమీ అక్కర్లేదు, మాటలు వింటే చాలు.

- "మా తాత తొంభై ఏళ్ళు చుట్ట తాగాడు, ఏమైంది?" అంటే మానే ఆలోచన ఇంకా రాలేదు.
- "మానాలి... చూద్దాం, ఈ ప్రాజెక్టు అయిపోనీ" అంటే ఊగిసలాటలో ఉన్నారు.
- "వచ్చే నెల నుంచి ఆపేస్తా. గమ్ ఏదో ఉంటుందట కదా?" అంటే సిద్ధపడుతున్నారు.
- మానేసి ఆరు నెలలు కాలేదంటే చేతల దశ.
- ఆరు నెలలు దాటితే నిలబెట్టుకునే దశ.

ఇంట్లోవాళ్ళు చేసే పెద్ద పొరపాటు మొదటి దశ మనిషికి మూడో దశ సాయం చేయడం. ఆలోచనే లేని మనిషి చేతిలో నికోటిన్ గమ్ పెడితే అది అల్మారాలో పడి ఉంటుంది. దీనికి ఉల్టా తప్పు కూడా జరుగుతుంది. తేదీ పెట్టుకుని మందు అడుగుతున్న మనిషికి మళ్ళీ క్యాన్సర్ ఉపన్యాసం మొదలుపెడతాం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ దశలను వరుసగా ఎక్కాల్సిన మెట్లుగా తీసుకోకండి. స్నేహితుడికి స్టెంట్ వేశారని తెలిసిన రాత్రే ప్యాకెట్ పారేసి, మళ్ళీ ముట్టనివాళ్ళు ఉన్నారు. "ఇవాళే మానేస్తున్నా" అని ఎవరైనా అంటే "నువ్వింకా సిద్ధంగా లేవు" అనకండి. నేరుగా 6వ భాగానికి వెళ్ళి, మందుల సంగతి 4వ భాగంలో చూసుకోండి.

2. మానాలని అనుకోని మనిషితో మాట్లాడే పద్ధతి

ఈ భాగం నిదానంగా చదవండి. చాలా ఇళ్ళలో పని ఇక్కడే ఆగిపోతుంది.

సిగరెట్ కాల్చే మనిషి మనసులో రెండు గొంతులు ఉంటాయి. ఒకటి మానాలంటుంది, ఇంకోటి వద్దంటుంది. మనం మానమని గట్టిగా వాదించామంటే, వద్దనే గొంతు తరఫున ఆయన మాట్లాడటం మొదలుపెడతారు. మనిషి తన నోటితో అన్నదాన్నే ఎక్కువగా నమ్ముతాడు. అందుకే మన వాదన గెలిచినట్టే అనిపిస్తుంది గానీ సిగరెట్ మాత్రం ఆగదు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన సంభాషణ పద్ధతి అంతా దీని మీదే నడుస్తుంది. మానాల్సిన కారణాలు ఆయన నోటి నుంచి రావాలి. మన పని అడగడం, వినడం.

ఒక భార్యాభర్తల మాటలు ఇలా సాగవచ్చు:

"ఏవండీ, ఒకటి అడగనా? గొడవ పెట్టుకోవడానికి కాదు."
"అడుగు."
"సిగరెట్ వల్ల మీకు ఏం బాగుంటుంది?"
"టెన్షన్ తగ్గుతుంది. ఆఫీసులో అయిదు నిమిషాలు బయటికి రావచ్చు."
"బాగోనిది ఏమైనా ఉందా?"
"పొద్దున్నే దగ్గు. చిన్నది వాసనంటూ దగ్గరికి రావట్లేదు."
"అది మనసుకు కష్టంగా ఉంది."
"ఉండదా మరి."
"మానేయాలని ఎంత ఉంది మీకు, పదికి?"
"నాలుగు."
"రెండు అనకుండా నాలుగు ఎందుకన్నారు?"

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. "పది ఎందుకు కాదు?" అని అడిగితే మానకపోవడానికి కారణాలు చెబుతారు. "రెండు ఎందుకు కాదు?" అంటే మానడానికి కారణాలు వెతుక్కుంటారు. ఆయన చెప్పినదాన్ని మీరు మళ్ళీ ఒకసారి అని, అక్కడితో ఆపేయండి. ఆ పూటే మాట తీసుకోవాలని చూడొద్దు.

తర్వాత ఇంకో రోజు రెండో అంకె అడగండి. "మానాలనుకుంటే మానగలనన్న నమ్మకం పదికి ఎంత?" కోరిక తక్కువా, నమ్మకం తక్కువా అన్నది ఇక్కడ తేలుతుంది. చాలామందిలో కోరిక ఎనిమిది, నమ్మకం మూడు ఉంటుంది. అలాంటివాళ్ళకు ఇంకా భయపెట్టే బొమ్మలు చూపించడం దండగ. ప్యాకెట్ మీద 85 శాతం మేర ఆ బొమ్మే ఉంటుంది, రోజూ చూస్తూనే ఉన్నారు. బయటపడే దారి కనిపించనప్పుడు భయం పెరిగితే మనిషి ఆ విషయాన్నే తప్పించుకుంటాడు.

నమ్మకం పెంచడానికి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా చెప్పిన దారుల్లో అన్నిటికన్నా బలమైనది తాను ఇదివరకు చేసి గెలిచిన అనుభవం. దీక్ష ఇక్కడే అక్కరకొస్తుంది. "నలభై ఒక్క రోజులు ఉన్నారు కదా, మొదటి వారం ఎలా గడిచింది?" అని అడగండి. రంజాన్ మాసంలో పగలంతా ముట్టని మనిషినీ అలాగే అడగవచ్చు. అయితే దెప్పుతున్నట్టు ఉండకూడదు, నిజంగా తెలుసుకోవాలని అడగాలి. రెండో దారి తనలాంటి వాడు మానేయడం చూడటం. అదే ఆఫీసులోనో అదే ఆటో స్టాండ్‌లోనో మానేసిన మనిషి ఒకరుంటే, డాక్టర్ మాట కన్నా ఆయనతో పది నిమిషాల కబుర్లు ఎక్కువ పని చేస్తాయి.

అనకూడని మాటలు:

- "పిల్లల మీద ఒట్టు వేయండి." ఒట్టు తప్పినప్పుడు దాచడం మొదలవుతుంది. దాచిన సిగరెట్‌కు సాయం చేయలేం.
- "మీ వల్ల కాదులే."
- "నా మీద ప్రేమ ఉంటే మానేసేవారు." నికోటిన్‌కు అలవాటు పడిన మెదడుకు ప్రేమతో సంబంధం లేదు.

కౌన్సెలింగ్‌లోకి వచ్చిన కొత్తలో మా బాబాయిని పండక్కి వచ్చిన బంధువులందరి ముందూ నిలదీశాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన నా ముందు సిగరెట్ మాటే ఎత్తలేదు. మేడ మీద కాల్చుకుని వచ్చేవారు. ఆ రెండేళ్ళూ నేను ఆయనకు ఏ విధంగానూ పనికిరాలేదు.

3. ఒక వారం లెక్క రాయించండి

సరే, మానదామని అన్నారనుకుందాం. వెంటనే ఆపించకండి. ఒక చిన్న కాగితం మడిచి ప్యాకెట్‌లోనే పెట్టమనండి. సిగరెట్ వెలిగించే ముందు నాలుగు విషయాలు రాయాలి: టైము, చోటు, పక్కన ఎవరు, ఎంత అవసరంగా అనిపించింది (ఒకటి నుంచి మూడు, మూడంటే చాలా అవసరం). కాల్చాక రాద్దామనుకుంటే సగం మరిచిపోతారు.

వారం తర్వాత ఆ కాగితాలు ముందు పెట్టుకుంటే సిగరెట్లు మూడు రకాలుగా విడిపోతాయి.

- ఒంటికి కావాల్సినవి. నిద్ర లేవగానే తాగేది, చాలాసేపు లేకపోతే చిరాకు పుట్టించేది.
- చోటు గుర్తుచేసేవి. టీ గ్లాసు, భోజనం అయ్యాక, బండి ఆపిన చోటు, బాత్రూం.
- మనుషుల వల్ల వచ్చేవి. "పద, ఓ దమ్ము కొట్టొద్దాం" అనే స్నేహితుడు, శనివారం మందు పార్టీ.

2011లో సూసన్ మిచీ బృందం చెప్పిన సూత్రం ఇక్కడ సుళువుగా వాడుకోవచ్చు. ఏ అలవాటు మారాలన్నా మూడు ఉండాలి: చేయగల శక్తి, చుట్టూ వీలు, లోపల కోరిక. ఏది తక్కువో చూసి అక్కడే పని చేయాలి. ఒంటికి కావాల్సినవి ఎక్కువుంటే మందు అవసరం. చోటు, మనుషులు ఎక్కువుంటే చుట్టుపక్కల మార్చాలి. కోరికే తక్కువుంటే 2వ భాగానికి వెనక్కి వెళ్ళండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

బాత్రూం సిగరెట్ గురించి ఒక మాట. "అది లేకపోతే మోషన్ రాదు" అని దాదాపు ప్రతి రెండో మనిషీ చెబుతాడు. ఇది వట్టి భ్రమ కాదు. నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది, మానేసిన కొత్తలో మలబద్ధకం నిజంగానే వస్తుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాల నడక, రాత్రి భోజనంలో ఆకుకూర, ఒక అరటిపండు. వీటిని మానే తేదీకి వారం ముందే మొదలుపెట్టించండి. మానిన రోజు మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

4. ఒంటి అలవాటు ఎంత ముదిరిందో కొలవండి, మందు నిర్ణయించండి

రెండే ప్రశ్నలు.

నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్? 5 నిమిషాల్లోపు అయితే 3 మార్కులు, 6 నుంచి 30 నిమిషాలైతే 2, 31 నుంచి 60 అయితే 1, గంట దాటితే 0.

రోజుకు ఎన్ని? 10 లోపు 0, 11 నుంచి 20 అయితే 1, 21 నుంచి 30 అయితే 2, 30 దాటితే 3.

రెండూ కలిపితే 0–2 తక్కువ, 3–4 మధ్యస్థం, 5–6 ఎక్కువ. మూడు దాటిన మనిషిని మందు లేకుండా మానమనడం చెప్పుల్లేకుండా ఎండలో నడవమన్నట్టే. నడవగలరు, కానీ ఎందుకు?

నికోటిన్ గమ్: 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది, 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి. లేచిన అరగంటలోపే కాల్చేవాళ్ళకు సాధారణంగా 4 అవసరమవుతుంది. గమ్ పని చేయలేదని చెప్పేవాళ్ళలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలినవాళ్ళే. అలా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, గుండెల్లో మంట వస్తాయి. వాడే పద్ధతి ఇది:

- మెల్లగా నమలాలి. నోట్లో మిరియం తిన్నట్టు చురుక్కుమనగానే ఆపాలి.
- బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఉంచాలి.
- చురుకు తగ్గాక మళ్ళీ కొద్దిగా నమిలి, ఇంకో వైపు పెట్టాలి. ఇలా అరగంట.
- వాడటానికి 15 నిమిషాల ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, టీ, కూల్ డ్రింక్, పళ్ళరసం వద్దు. అవి తాగితే నికోటిన్ నోటి నుంచి సరిగ్గా ఒంట పట్టదు.
- నాలుక పీకినప్పుడే కాకుండా, మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి చొప్పున టైము ప్రకారం వాడి, తర్వాత తగ్గించుకుంటూ 12 వారాలకు ఆపాలి.

ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ కూడా ఉంది. ప్యాచ్, గమ్ కలిపి వాడితే ఒక్కటే వాడినదానికన్నా ఫలితం బాగుంటుంది. వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు డాక్టర్ చూసి రాయాల్సినవి. వీటిని మానే తేదీకి ఒకటి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. మూర్ఛ ఉన్నవాళ్ళు బుప్రోపియాన్ వాడకూడదు.

"నికోటిన్ మానడానికి నికోటినా?" అని అడుగుతారు. క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది ప్రధానంగా పొగ. గమ్‌లో తారు గానీ కార్బన్ మోనాక్సైడ్ గానీ లేవు.

ముందే డాక్టర్‌తో మాట్లాడాల్సినవాళ్ళు:

- గర్భిణులు
- ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్ళు
- మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్ళు
- ఆయాసానికి థియోఫిలిన్ వాడేవాళ్ళు. పొగ మానగానే కాలేయం కొన్ని మందులను నెమ్మదిగా విరుస్తుంది, అందువల్ల వాటి మోతాదు మార్చాల్సి రావచ్చు.

ఈ-సిగరెట్‌కు మారదామనే ఆలోచన వద్దు. 2019 నుంచి మన దేశంలో వాటి అమ్మకమే నిషేధం. ఖైనీకి, గుట్కాకు మారడం అంతకన్నా తప్పు. రోగం ఊపిరితిత్తుల నుంచి నోటికి మారుతుందంతే.

5. తేదీ పెట్టండి

రెండు వారాల లోపు ఒక రోజు. అంతకన్నా దూరం పెడితే వేడి చల్లారుతుంది. పెళ్ళి, సంక్రాంతి, ఆడిటింగ్ ఉన్న వారం వద్దు. ఆదివారం కన్నా సోమవారమే నయం, పనిలో పడితే పగలు తొందరగా గడుస్తుంది.

రోజుకొకటి తగ్గించుకుంటూ పోవాలా, ఒక్కసారే ఆపాలా? 2016లో ఇంగ్లండ్‌లో దాదాపు 700 మందితో చేసిన అధ్యయనంలో ఒక్కసారే ఆపినవాళ్ళలో 49 శాతం మంది నాలుగు వారాలకు మానేసి ఉన్నారు, తగ్గించుకుంటూ వచ్చినవాళ్ళలో 39 శాతం. నేను కూడా ఒక్కసారే ఆపమనే చెబుతాను. తగ్గించే పద్ధతిలో మిగిలిన ప్రతి సిగరెట్ మరీ ముద్దొస్తుంది. కానీ ఆ మనిషి తగ్గిస్తూనే మానతానంటే అడ్డుపడొద్దు. చివరి తేదీ మాత్రం కాగితం మీద ఉండాలి.

ముందు రోజు రాత్రి చేయాల్సినవి:

- ఇంట్లో, బండిలో, ఆఫీసు డ్రాయర్‌లో ఉన్న ప్యాకెట్లు తీసేయాలి. "ఎమర్జెన్సీకి ఒకటి" కూడా ఉండకూడదు.
- లైటర్లు, యాష్‌ట్రేలు పారేయాలి. దేవుడి దగ్గరి అగ్గిపెట్టె మీ దగ్గరే ఉంచుకోండి.
- దుప్పట్లు, కర్టెన్లు, హెల్మెట్ లోపలి గుడ్డ ఉతకాలి. వాసన కూడా గుర్తుచేస్తుంది.
- గమ్ జేబులో, సోంపు, లవంగాలు డబ్బాలో.
- ఇద్దరు ముగ్గురు స్నేహితులకు ఆయనే స్వయంగా చెప్పాలి: "రేపటి నుంచి మానేశాన్రా, నాకు ఇవ్వకండి, నా ముందు వెలిగించకండి."
- 1800-11-2356 నంబర్ ఫోన్‌లో సేవ్ చేయాలి. ఇది జాతీయ టొబాకో క్విట్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. తేదీ చెబితే వాళ్ళే తిరిగి ఫోన్ చేసి కనుక్కుంటారు. సిగరెట్ ప్యాకెట్ మీద అచ్చయ్యేది కూడా ఈ నంబరే.

6. "ఇలా అయితే అలా" వాక్యాలు రాయించండి

"ఇక తాగను" అనేది కోరిక. ఫలానా చోట, ఫలానా క్షణంలో ఏం చేస్తామో ముందే చెప్పుకుంటే అది ప్లాన్. పీటర్ గోల్‌విట్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించిన సంగతి ఇది: సందర్భాన్నీ పనినీ ఒకే వాక్యంలో ముడివేస్తే, ఆ సందర్భం రాగానే పని పెద్దగా ఆలోచించకుండానే జరుగుతుంది. వారం లెక్కలో అవసరం 2 లేదా 3 అని రాసినవాటిలో అయిదు సందర్భాలు తీసుకోండి. వాక్యాలు ఆయన చేతి రాతతోనే ఉండాలి.

- టీ కొట్టు దగ్గరికి వెళ్తే, గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, కిళ్ళీ కొట్టు కనబడని వైపు నిలబడతాను.
- భోజనం అవగానే కంచం నేనే కడుగుతాను, ఆ తర్వాత సోంపు నోట్లో వేసుకుంటాను.
- రమ్మని ఎవరైనా పిలిస్తే "నువ్వు వెళ్ళిరా, నేను మానేశాను" అంటాను.
- బాస్ అరిస్తే మెట్లు దిగి నీళ్ళు తాగి పైకి వస్తాను.
- శనివారం పార్టీ ఉంటే మొదటి నెల వెళ్ళను.

"మానేశాను" అన్న మాట గమనించండి. "మానడానికి ట్రై చేస్తున్నా" అంటే ఎదుటివాడు ఇంకో రెండుసార్లు అడుగుతాడు. మాలలో ఉన్న మనిషి ట్రై చేస్తున్నానని అనడు, "స్వామిని" అంటాడు. అవతలివాళ్ళు అక్కడితో ఆగిపోతారు.

"సిగరెట్ గురించి ఆలోచించను" అని మాత్రం రాయించకండి. ఆలోచించకూడదని అనుకునేకొద్దీ అదే గుర్తొస్తుంది. చేసే పని ఏదో రాయాలి.

7. మొదటి పద్నాలుగు రోజులు

చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, దేని మీదా మనసు నిలవకపోవడం. ఇవి మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. దగ్గు పెరిగితే కంగారు పడొద్దు, కానీ రక్తం పడినా, వారాల తరబడి తగ్గకపోయినా డాక్టర్‌కు చూపించాలి.

నాలుక పీకడం ఒక అలలాంటిది, కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ దాటడానికి నాలుగు పనులు: ఆగడం, పది సార్లు గట్టిగా ఊపిరి తీసుకోవడం, నీళ్ళు తాగడం, చోటు మారడం.

కాఫీ, టీ సగానికి తగ్గించండి. ఇది చాలామందికి తెలియదు. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫీన్ త్వరగా విరిగిపోతుంది. మానేశాక అదే రెండు కాఫీలు నాలుగు తాగినంత పని చేస్తాయి. చేతులు వణకడం, గుండె దడ, రాత్రి నిద్ర లేకపోవడం వస్తే అది సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మళ్ళీ వెలిగిస్తారు.

ఇంట్లోవాళ్ళు ఈ రెండు వారాల్లో ఏం చేయాలి?

- ఆయన చిరాకు పడితే మీ మీద కోపమని తీసుకోకండి. పిల్లలకు కూడా ముందే చెప్పండి: "నాన్నకు వారం రోజులు ఒంట్లో బాగుండదు."
- జేబులు వెతకడం, నోరు వాసన చూడటం వద్దు.
- పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అడగండి, అదీ "తాగారా?" అని కాదు. "ఇవాళ ఏ టైములో కష్టమైంది?" అని.
- సిగరెట్ డబ్బు రోజూ కళ్ళకు కనబడేలా ఒక గాజు సీసాలో వేయండి. ఒకటి 15 రూపాయలనుకుంటే, రోజుకు పది కాల్చే మనిషికి నెలకు 4,500. వారం వారం అందులోంచి ఆయనకు ఇష్టమైనదేదో కొనండి. ఏడాది తర్వాత వచ్చే ఆరోగ్యం కన్నా ఈ ఆదివారం తెచ్చే చేప మనసుకు దగ్గరగా ఉంటుంది.

బరువు పెరుగుతుందా అంటే, పెరుగుతుంది. ఏడాదిలో సగటున 4–5 కిలోలు. దాచకుండా ముందే చెప్పండి. మొదటి నెలలో డైటింగ్ పెట్టించకండి, రెండు కోరికలతో ఒకేసారి పోరాడటం కష్టం. మరమరాలు, కీరా, జామకాయ ముక్కలు దగ్గర ఉంచండి.

ఎప్పుడూ లేనంత దిగులుగా ఉన్నా, బతకాలని లేదన్నా ఆగకుండా మానసిక వైద్యులకు చూపించాలి.

8. జారితే ఏం చేయాలి

పన్నెండో రోజు పెళ్ళిలో ఒకటి కాల్చారు. ఆ ఒక్క సిగరెట్ వల్ల కన్నా దాని తర్వాత వచ్చే ఆలోచన వల్లే ఎక్కువ నష్టం: "ఎలాగూ కాల్చాను కదా, ఇక అయిపోయింది." అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఆలోచన మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. వ్రతం భంగమైందన్న బాధే మనిషిని పూర్తిగా వెనక్కి తోస్తుంది. దీక్ష నేర్పే మంచిలో ఇదొక్కటి తిరగబడుతుంది. అక్కడ నియమం తప్పడం మహాపాపం, ఇక్కడ మాత్రం జారిన గంటలోనే లేవడం ముఖ్యం.

ఆ రోజే ఇవి చేయించండి:

- ప్యాకెట్‌లో మిగిలినవి నీళ్ళల్లో ముంచి పారేయాలి.
- ఎక్కడ, ఎవరితో, ఏ మూడ్‌లో జరిగిందో మూడు వరుసలు రాయాలి.
- 6వ భాగంలోని వాక్యాల్లో ఆ సందర్భం లేకపోతే కొత్తగా చేర్చాలి.
- గమ్, ప్యాచ్, మాత్ర ఆపకూడదు. "ఒకటి కాల్చాను కాబట్టి మందు దండగ" అనుకుని మానేస్తారు, అది తప్పు.
- లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టకండి. "పన్నెండు రోజుల్లో ఒక్కటి" అని రాయండి.

మీరు అనాల్సింది ఒకటే: "చెప్పినందుకు మంచిదైంది. ఇప్పుడు ఏం చేద్దాం?" మూడు రోజులు వరుసగా కాల్చారంటే అది జారడం కాదు, తిరిగి మొదలవడం. అప్పుడు రెండు వారాల్లో కొత్త తేదీ పెట్టి, మందు మోతాదు సరిపోయిందో లేదో డాక్టర్‌ను అడగండి. చాలామంది ఒకసారికే మానలేరు. పాత కాగితాలు పారేయకండి, రెండోసారి వాటి అవసరం ఎక్కువ.

9. నలభై రెండో రోజు

నెల దాటాక ఇంట్లో అందరూ మరిచిపోతారు. అప్పటిదాకా నిలబెట్టిన తోడు ఒక్కసారిగా తగ్గుతుంది, మాల తీసినట్టే. అందుకే క్యాలెండర్‌లో 42వ రోజు చుట్టూ గీత గీయండి. ఆ రోజు కూర్చుని ఏవి కొనసాగాలో, ఏవి మెల్లగా వదలాలో మాట్లాడుకోండి.

- మందు కోర్సు మధ్యలో ఆగకూడదు. బాగుందని ఆరో వారంలో ఆపేసి, ఎనిమిదో వారంలో కిళ్ళీ కొట్టు దగ్గర కనబడినవాళ్ళు చాలామంది.
- డబ్బు సీసా ఆరు నెలల దాకా ఉండాలి.
- తప్పించుకున్న చోట్లకు ఒక్కొక్కటిగా తిరిగి వెళ్ళాలి. ముందు టీ కొట్టు, చివరిగా మందు పార్టీ.
- దుఃఖం, అప్పు, ఇంట్లో జబ్బు, ఉద్యోగం పోవడం లాంటివి వస్తే ఏం చేయాలో ఇప్పుడే ఒక వాక్యం రాసుకోవాలి.
- "ఒక్కటి కాలిస్తే ఏమవుతుందో చూద్దాం" అన్న పరీక్ష వద్దు. మూడు నెలలకు వచ్చే ఆలోచన ఇది.

ఈసారి మాల వేసుకునే ఆలోచన ఉంటే దాన్నే మానే తేదీగా పెట్టుకోవచ్చు. కానీ గురుస్వామి ముందు మాల తీసే రోజు రాత్రి ఎక్కడ ఉంటారో, ఎవరితో భోంచేస్తారో మాల వేసుకున్న రోజే రాసి పెట్టుకోవాలి. తిరుగు ప్రయాణంలో బస్సు ఆగిన మొదటి దాబా చాలామందికి జారే చోటు. అక్కడ గమ్ జేబులో ఉండాలి.

10. చుట్ట తాగే పెద్దవాళ్ళతో

శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు కొందరు పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, నిప్పు ఉన్న కొస నోటి లోపలికి పెట్టుకుని. వాళ్ళకు అంకెలూ కాగితాలూ కుదరవు. రోజుకు ఎన్ని చుట్టలో గోడ మీద బొగ్గుతో గీతలు గీయించండి. తేదీకి బదులు ఏ అమావాస్య నుంచో, ఏ ఏకాదశి నుంచో మానుదామనండి. "అమ్మమ్మా, చుట్ట లేకపోతే నీకు ఏ పూట గడవదు?" అని పక్కన కూర్చుని అడిగితే అన్నీ వాళ్ళే చెబుతారు.

మానినా మానకపోయినా, ఒకసారి దంత వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళి నోటి పైకప్పు చూపించండి. అక్కడ వేడి తగిలే చోట తెల్లబడటం, ఎర్రని మచ్చ, మానని పుండు ఉంటే అది నొప్పి పుట్టకముందే బయటపడాలి.